చెరువా, చేనా? కోనసీమ ఉపగ్రహ లెక్క: ప్రాజెక్టు డైరీ

ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం మండలాల్లో 2017 నుంచి 2024 దాకా ఏ యేడు ఎంత వరి చేను చెరువుగా మారిందో ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టడం మా పని. చెరువంటే ఇక్కడ రొయ్యలదో చేపలదో. ఊరి మంచినీటి చెరువు ఈ లెక్కలో లేదు. డిగ్రీ కాలేజీలో భూగోళం చెప్పే నేను, ఇద్దరు విద్యార్థులు, ఒక పాత లాప్‌టాప్, ఒక మోటారు సైకిలు. ఇంతే బలగం. పశ్చిమ డెల్టాలోనో కృష్ణా వైపో ఇదే పనికి దిగేవాళ్లకు మేం పోగొట్టుకున్న నెలలు మిగలాలని రాస్తున్నాను.

దశ 1: బొమ్మలు తెచ్చుకోవడం

నా పరిశోధన రోజుల్లో నా దగ్గరున్నది ఒకే ఒక్క లిస్-3 (మన దేశపు ఉపగ్రహ కెమెరా) చిత్రం. డబ్బు కట్టి హైదరాబాదు నుంచి తెప్పించుకున్నది. పిక్సెల్, అంటే బొమ్మలోని అతి చిన్న ముక్క, నేల మీద 23.5 మీటర్లు. ఆ ఒక్క బొమ్మ, ఒక టోపోషీటు పెట్టుకుని థీసిస్ మొత్తం రాశాను. 2008లో అమెరికా వాళ్ల లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల భాండాగారాన్ని ఉచితం చేశాక పరిస్థితి మారింది. 2014లో ఐరోపా వాళ్ల మొదటి సెంటినెల్ ఉపగ్రహం ఎగిరాక ఇంకా మారింది.

మొదట, మామూలు కెమెరాలా వెలుతురుతో బొమ్మ తీసే సెంటినెల్-2 ఎంచుకున్నాం. అయిదు రోజులకొక బొమ్మ, 10 మీటర్ల పిక్సెల్. అంటే ఒక పిక్సెల్‌కు 100 చదరపు మీటర్లు, మన లెక్కలో రెండున్నర సెంట్లు. లాండ్‌శాట్ పిక్సెల్ అయితే 22 సెంట్లు. కాగితం మీద బాగానే ఉంది. 2023 జూన్ నుంచి అక్టోబరు దాకా వచ్చిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తే మూడు మండలాలూ మబ్బు లేకుండా కనిపించినవి మూడే. దమ్ము, ఊడ్పులు, పిలకలు, పొట్ట... వరి తన ఆనవాలు చూపించే రోజులన్నీ మబ్బు కిందే పోయాయి.

అందుకని సెంటినెల్-1కు మారాం. ఇది రాడార్, మబ్బుతో దానికి పని లేదు. మన ప్రాంతానికి 12 రోజులకొకసారి వస్తుంది. ఇక్కడ చేసిన తప్పు: బొమ్మలన్నీ ఇంటికి దింపుకోవాలనుకోవడం. ఒక్కో దృశ్యం సుమారు ఒక జీబీ. ఇంటి నెట్ మీద 19 రోజుల్లో 41 దిగాయి, అందులో ఆరు మధ్యలో తెగిపోయినవి. ఎక్స్‌టర్నల్ డిస్కు కొనే ముందు ఆగి ఆలోచించాను.

లెక్క ఇది. మా అధ్యయన గడి 30 కి.మీ. పొడవు, 20 కి.మీ. వెడల్పు. 600 చదరపు కిలోమీటర్లంటే 60 లక్షల పిక్సెళ్లు. ఎనిమిదేళ్లకు వాడదగిన తేదీలు 236. ఒక్కో తేదీకి వీవీ, వీహెచ్ అని రెండు కొలతలు (రాడార్ అల నిలువుగా పోయి నిలువుగా తిరిగొస్తే వీవీ, అడ్డంగా తిరిగొస్తే వీహెచ్). మొత్తం 283 కోట్ల అంకెలు. ఈ లాప్‌టాప్ వల్ల కాదు. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఆ బొమ్మలు ముందే ఉన్నాయి. మనం ప్రశ్న పంపితే లెక్క అక్కడే జరిగి జవాబు మాత్రం వస్తుంది. పరిశోధనకు, చదువులకు ఉచితం. 35 మంచి బొమ్మలు చెరిపేసి అక్కడికి వెళ్లాం.

*ఇప్పటిదాకా: రోజులు 34. బొమ్మలు 236. నేల మీద చూసిన పాయింట్లు 0. ఖర్చు రూ. 2,340.*

దశ 2: మొదటి మ్యాపు, మూడు తప్పులు

రాడార్ అలను నున్నటి నీరు అద్దంలా అవతలికి విసిరేస్తుంది. ఉపగ్రహానికి తిరిగి ఏమీ రాదు కాబట్టి నీరు నల్లగా కనిపిస్తుంది. ఒక హద్దు పెట్టి, అంతకన్నా నల్లగా ఉన్నదంతా చెరువు అన్నాం. ఆగస్టు బొమ్మ మీద ఆ సూత్రం వేస్తే కోనసీమ మొత్తం చెరువైపోయింది. ఊడ్పుల వేళ మడిలో నిలిచిన నీరు కూడా నీరే కదా.

ఒక్క తేదీతో చెరువునూ చేనునూ విడదీయలేం. ఏడాది పొడుగునా చూడాలి. వరి మడి రెండు మూడు బొమ్మల పాటు నల్లగా ఉండి, పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. కోతలయ్యాక దిగి, దాళ్వాకు (రెండో పంటకు) మళ్లీ అదే ఆట. చెరువు మాత్రం ఎక్కువ తేదీల్లో నల్లగానే ఉంటుంది. అందుకని ఒక్క తేదీ మీద తేల్చడం మానేసి, ఏడాదిలో ఎన్ని తేదీలు నల్లగా ఉంది, ఏకధాటిగా ఎన్ని తేదీలు నల్లగా ఉంది అన్న రెండు అంకెలు పట్టుకున్నాం. ఇక్కడే మూడు తప్పులు దొర్లాయి.

1. రెండు పథాలు (ఉపగ్రహం వెళ్లే దారులు) కలిపేశాం. పక్కపక్కన వెళ్లే రెండు పథాలు మా గడిలో కొంత మేర ఒకదానిపై ఒకటి పడతాయి. రాడార్ చూపు కోణం ఒక అంచున సుమారు 29 డిగ్రీలు, ఇంకో అంచున 46. అదే చేను ఒక పథంలో ఒకలా, రెండో పథంలో ఇంకోలా వచ్చి, మా గీతలో రంపపు పళ్లలా ఎగుడుదిగుడులు కనిపించాయి. పైరు రోగమేమో అని నాలుగు రోజులు వెతికాం. దిద్దుబాటు: ఒకే పథం సంఖ్యకు వడకట్టడం.

2. డెసిబెల్‌లను సగటు చేశాం. తిరిగొచ్చిన అల బలాన్ని చెప్పే డెసిబెల్ లాగరిథమ్ కొలత. వాటిని కూడి భాగిస్తే వచ్చేది నిజమైన సగటు కాదు. ముందు మామూలు విలువలకు మార్చి, సగటు తీసి, మళ్లీ డెసిబెల్‌కు తెచ్చుకోవాలి. లేదా మధ్యస్థం (వరసలో పెడితే నడిమి విలువ) వాడాలి. దానికి ఈ బెడద లేదు. మేం మధ్యస్థానికి మారాం.

3. ఊడ్పుల కిటికీ (ఊడ్పుల కోసం వెతికే తేదీల పరిధి) తప్పు. ఎగువ డెల్టా వాళ్ల లెక్క చూసి జూలై అని పెట్టుకున్నాం. మావి శివారు మండలాలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ నీరు పైనుంచి కిందికే వస్తుంది, శివారుకు ఆఖరున వస్తుంది. మా చేలలో ఊడ్పులు ఆగస్టులోకి, ఒక్కోచోట ఇంకా ముందుకు జరుగుతాయి. భూగోళం మేష్టారిగా ఇది నాకు ముందే తట్టాల్సింది. కిటికీని జూలై 1 నుంచి సెప్టెంబరు 20 దాకా వెడల్పు చేశాం.

2022 లెక్క ఇంకో రకంగా చెడింది. ఆ జూలైలో గోదావరికి వచ్చిన పెద్ద వరదలో లంకలు మునిగాయి; అరటి తోటలు కూడా కొన్ని తేదీలు చెరువుల్లా కనిపించాయి. ఆ ఒక్క యేడుకు జూలై 10 నుంచి 31 దాకా ఉన్న బొమ్మలు పక్కన పెట్టాం. అలా పెట్టిన సంగతి మ్యాపు అంచున రాసి ఉంచాం.

*ఇప్పటిదాకా: రోజులు 61. వాడుతున్న బొమ్మలు 234. నేల పాయింట్లు ఇంకా 0. ఖర్చు రూ. 2,340.*

దశ 3: గట్ల మీద

61 రోజులు ఒక్క గట్టూ ఎక్కకుండా మ్యాపులు చేశామన్నది ఈ డైరీలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అంకె. ఎవరైనా ఈ పని చేస్తే దశ 3తో మొదలుపెట్టండి.

మా పద్ధతి:

1. ఊరికి వెళ్లే ముందు మ్యాపు మీద 30 చుక్కలు కాగితంపై ప్రింటు తీసుకోవడం.
2. ఒక్కో చుక్క దగ్గర ఫోను జీపీఎస్‌లో రెండు నిమిషాలు ఆగి సగటు తీసుకోవడం. బయట 4 మీటర్ల తేడా వచ్చింది, కొబ్బరి చెట్ల కింద 11 దాకా. అందుకే అంచున కాకుండా చేను మధ్యలోకి, చెరువైతే గట్టు మీద నిలబడి నీటి మధ్యకు పాయింటు జరపడం.
3. నాలుగు దిక్కులా నాలుగు ఫొటోలు.
4. అక్కడున్న రైతును మూడు ప్రశ్నలు అడగడం: ఇది ఏ యేడు తవ్వారు? ఏడాదికి ఎన్ని పంటలు? ఏ నెలల్లో ఎండగడతారు?

నాలుగో అంశం మొదట్లో లేదు. ఉప్పలగుప్తం మండలంలో మా మ్యాపు 'బీడు' అని చెప్పిన చోట దిగితే అక్కడ నిక్షేపంగా చెరువుంది. అడుగు పగిలి, తెల్లగా సున్నం చల్లి ఉంది.

"ఆయ్, చెరువేనండి మేష్టారూ. రోగం వచ్చి ముందే పట్టేశాం. రెండు నెలలై ఎండగట్టాం. రేటు చూసుకుని సీడు వేద్దామని," అన్నాడు గట్టు మీద కూర్చున్న రైతు.

మా సూత్రం ఎండబెట్టే కాలాన్ని మూడు వారాలనుకుంది. ఆయన చెప్పింది రాసుకుని మరో 22 మందిని అడిగితే, మూడు వారాల నుంచి అయిదు నెలల దాకా చెప్పారు. రొయ్య ధర పడితే ఎండు కాలం పెరుగుతుంది. బొమ్మలో కనిపించే 'బీడు' వెనక ఒక్కోసారి మార్కెట్టు ఉంటుంది. ఈ సంగతి 283 కోట్ల అంకెల్లో ఎక్కడా లేదు. దీని తర్వాత 'ఒక్క ఏడాది' కాకుండా 'వరసగా రెండేళ్లు' చూసి చెరువని తేల్చే నియమం పెట్టాం. పంట వేయని చేను కూడా ఉంటుంది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించిన సంగతి తెలిసిందే. ఊడ్పులు కనపడలేదని చేనును చెరువుల ఖాతాలో రాయకూడదు.

రెండో చిక్కు దీనికి తలకిందులు. కాట్రేనికోన వైపు నిండా నీళ్లున్న చెరువులు కొన్ని వీవీ కొలతలో తెల్లగా వచ్చాయి. సముద్రం గాలికి అలలేమో అనుకున్నాం. గాలి లేని రోజుల్లోనూ అంతే. ఒక చెరువు గట్టు మీద మకాం ఉండే కాపలా మనిషిని అడిగాం, తెల్లారి ఆరింటికి చెరువెలా ఉంటుందని.

"ఏరియేటర్లన్నీ తిరుగుతుంటాయి కదండి. తెల్లారగట్ల ఆపితే రొయ్య తేలిపోద్ది," అన్నాడు.

సంగతి అప్పుడు అర్థమైంది. రాత్రంతా నీటిలో ప్రాణవాయువు తగ్గుతూ వచ్చి సూర్యోదయం ముందు అట్టడుగుకు చేరుతుంది. అందుకే నీటిని చిలికి గాలి కలిపే ఈ ఏరియేటర్ చక్రాలన్నీ అప్పుడే తిప్పుతారు. మేం తీసుకున్న పథంలో ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది కూడా ఉదయం ఆరింటి ప్రాంతంలోనే. చిలికిన నీటి నుంచి అల వెనక్కి వస్తుంది, వీవీలో ఎక్కువగా, వీహెచ్‌లో తక్కువగా. మరుసటి రోజు అయిదున్నరకే వెళ్లి, తొమ్మిది చెరువుల్లో తిరుగుతున్న ఏరియేటర్లు లెక్కపెట్టాం. ఎకరానికి ఎక్కువ తిరుగుతున్నవే బొమ్మలో ఎక్కువ తెల్లగా ఉన్నాయి. తొమ్మిదంటే రుజువు కాదు, కానీ దారి మార్చడానికి చాలు. చెరువును తేల్చే పని వీహెచ్‌కు అప్పగించాం. వీవీని పారేయలేదు, ఏ చెరువు గట్టిగా సాగవుతోందో చెప్పే ఆనవాలుగా అది ముందుముందు పనికొస్తుందని నా నమ్మకం.

*ఇప్పటిదాకా: రోజులు 118. ఊళ్లు 14. పాయింట్లు 412 (వరి 148, చెరువు 131, కొబ్బరి 62, పర్ర (ఉప్పు తేలిన నేల), బీడు కలిపి 38, మడ అడవి, కాలువ, ఊరి చెరువు కలిపి 33). ఖర్చు రూ. 9,780, ఎక్కువ భాగం పెట్రోలు.*

దశ 4: 96.8 శాతం

412 పాయింట్ల చుట్టూ ఉన్న పిక్సెళ్లను తీసుకుని, పదింట ఏడు వంతులు నేర్పడానికి, మూడు వంతులు పరీక్షకు అని కలగాపులగంగా పంచి, రాండమ్ ఫారెస్ట్ (ఉదాహరణలు చూసి రకాలు గుర్తుపట్టడం నేర్చుకునే ప్రోగ్రాము) నడిపాం. 96.8 శాతం సరి అని వచ్చింది. విద్యార్థులు సంబరపడ్డారు. నాకు మనసొప్పలేదు.

కారణం మా శాస్త్రంలోనే ఉంది. వాల్డో టోబ్లర్ 1970లో చెప్పిన సంగతిని భూగోళపు మొదటి సూత్రమంటారు: అన్నిటికీ అన్నిటితో సంబంధముంది, దగ్గరి వాటికి దూరపు వాటికన్నా ఎక్కువ సంబంధముంది. ఒకే చెరువులోని పది పిక్సెళ్లలో ఏడు చూపించి, మిగతా మూడింటిని గుర్తుపట్టమంటే ఎవరైనా పడతారు. అది పాఠం చదివించి అదే పాఠం పరీక్ష పెట్టడం.

పిక్సెళ్ల బదులు ఊళ్లను విడదీశాం. పది ఊళ్లు నేర్పడానికి, నాలుగు ఊళ్లు పరీక్షకు. 83.1 శాతానికి పడిపోయింది. అంకెలు తెచ్చిన శాస్త్రానికి నేల శాస్త్రం చెప్పాల్సినది ఇంకా చాలా ఉందని ఆ రోజు మా పిల్లలకు బోర్డు మీద చూపించాను. ఒకే సమాచారం, ఒకే ప్రోగ్రాము. పరీక్ష పద్ధతి ఒక్కటే వేరు.

83.1 ఎందుకొచ్చిందో విప్పి చూస్తే తప్పులన్నీ రెండు చోట్లే కుప్ప పడ్డాయి. ఒకటి, పర్ర నేలకూ ఎండిన చెరువుకూ తేడా పట్టలేకపోవడం. రెండోది నా తప్పు. మా పాయింట్లన్నీ మోటారు సైకిలు వెళ్లగలిగే దారుల పక్కవి. దారి పక్క చెరువులు పెద్దవి, గట్లు గట్టివి, కరెంటు స్తంభం దగ్గరవి. లోపలివి చిన్నవి, గట్ల మీద కొబ్బరి ఉన్నవి. మా లెక్కకు రోడ్డు పక్క కోనసీమే తెలుసు.

దిద్దుబాటు:

1. లాటరీ తీసినట్టు గడిలో చుక్కలు వేయించి, దారి ఉన్నా లేకపోయినా అక్కడికే వెళ్లడం. మొత్తం 160 చుక్కలు. 11 చోట్లకు చేరలేకపోయాం (మురుగు కాలువ దాటలేక 7, అనుమతి లేక 4). చేరినవి 149.
2. పర్ర కోసం మార్చి నుంచి మే దాకా ఉన్న సెంటినెల్-2 చిత్రాలు చేర్చడం. ఎండాకాలం మబ్బు ఉండదు, ఉప్పు తేలిన నేల స్పష్టంగా కనిపిస్తుంది. మొదట తోసేసిన ఉపగ్రహం ఇక్కడ అక్కరకొచ్చింది.
3. పరీక్ష ఎప్పుడూ ఊళ్ల వారీగానే.

ఫలితం 89.4 శాతం. దీన్ని నమ్ముతున్నాను.

*ఇప్పటిదాకా: రోజులు 171. ఊళ్లు 19. పాయింట్లు 561. ఖర్చు రూ. 15,260.*

దశ 5: టేపు పెట్టి కొలిస్తే

ఒక చెరువును 50 మీటర్ల టేపుతో నీటి అంచు వెంట కొలిచాం: 2 ఎకరాల 12 సెంట్లు. మ్యాపులో 2 ఎకరాల 31 సెంట్లు. ఇంకో రెండు కొలిచినా అదే మోతాదులో ఎక్కువ. ఎప్పుడూ ఒకే వైపు వచ్చే తేడా గనక కారణం వెతకడం తేలికైంది. నేను ఎగుమతి చేసుకున్నది వెబ్ మెర్కేటర్ అనే ప్రక్షేపంలో (గుండ్రటి భూమిని చదును మ్యాపుగా పరిచే పద్ధతుల్లో ఒకటి). భూమధ్యరేఖ నుంచి దూరమయ్యేకొద్దీ ఆ ప్రక్షేపం నేలను సాగదీస్తుంది. మన 16.5 డిగ్రీల అక్షాంశం దగ్గర విస్తీర్ణం దాదాపు 8.8 శాతం ఎక్కువ చూపిస్తుంది. ప్రక్షేపాల పాఠం ఏటా చెప్పే నేను ఇది చూసుకోకపోవడం క్షమించలేని సంగతి. యూటీఎం అనే ఇంకో ప్రక్షేపంలో మన ప్రాంతానికి సరిపడే 44 ఉత్తర జోనుకు మార్చాక అదే చెరువు 2 ఎకరాల 9 సెంట్లు వచ్చింది.

అంచుల గొడవ అంత తేలిగ్గా తెగలేదు. ఎకరం చెరువులో పట్టేవి 40 పిక్సెళ్లు. ఆరు వరసలు, ఆరు నిలువులు అనుకుంటే 36లో 20 అంచు మీదే ఉంటాయి. పైగా సెంటినెల్-1 పిక్సెల్ 10 మీటర్లని రాసినా రాడార్ నిజంగా విడదీసి చూడగలిగేది సుమారు 20 మీటర్లు. గట్టు మీది కొబ్బరి మెరుపు పక్కనున్న నీటి మీదికి పాకుతుంది. మొత్తం 11 చెరువులు కొలిచాం. మూడెకరాలు దాటిన వాటిలో తేడా 5 శాతం లోపు. ఎకరం లోపు వాటిలో 20 నుంచి 30 శాతం తక్కువ చూపించింది. ఎకరం లోపు చెరువులను మొత్తంలో కలపకుండా 'చిన్నవి' అని వేరే వరసలో పెట్టాం.

మూడు మండలాల మొత్తం అంకె కోసం ఈ డైరీ తెరిచినవాళ్లు ఉంటారు. అది ఇక్కడ రాయడం లేదు. పిక్సెళ్లు కూడి ఎకరాలు చెప్పేస్తే మ్యాపు చేసిన తప్పులన్నీ ఆ మొత్తంలో కూర్చుంటాయి. తప్పుల పట్టికతో (మ్యాపు దేన్ని దేనిగా పొరబడిందన్న లెక్కతో) సరిచేసి, అటూ ఇటూ ఎంత హెచ్చుతగ్గులుండొచ్చో కట్టి చూస్తే, వరసగా వచ్చే రెండేళ్ల మధ్య మార్పు ఆ హెచ్చుతగ్గుల లోపలే ఉంది. 2017కూ 2024కూ మధ్య తేడా మాత్రం నిలబడుతుంది. ఏటేటా అంకెలు కావాలంటే మాకు పాత ఏళ్ల నేల పాయింట్లు కావాలి. గట్టు మీద "ఏ యేడు తవ్వారు" అని అడిగిన జవాబులే అందుకు దిక్కు. ఇప్పటికి 131 చెరువుల్లో 97కు తవ్విన యేడు తెలిసింది.

*ఇప్పటిదాకా: రోజులు 196. టేపు కొలతలు 11. ఖర్చు రూ. 16,900.*

దశ 6: "ఈ మ్యాపు ఎవరికిస్తారండి?"

అల్లవరం మండలంలో టేపు ఒక చివర పట్టుకున్న చెరువు రైతే ఈ మాట అడిగాడు. అతనిది కౌలు చెరువు. అనుమతి కాగితం యజమాని పేరున ఉందో, అసలు ఉందో లేదో అతనికి తెలియదు. కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లో వచ్చింది, రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ చట్టం 2020లో. మా మ్యాపును సర్వే నంబర్ల మీద పరిస్తే, కాగితం లేని ప్రతి చెరువూ ఒక్క క్లిక్కులో బయటపడుతుంది. మమ్మల్ని నమ్మి మజ్జిగ ఇచ్చి పంపిన మనిషి మీద మా బొమ్మే నోటీసు అవుతుంది.

అదే వారం పక్క ఊళ్లో వరి రైతు దీనికి ఎదురు మాట అన్నాడు. "మా చేను చుట్టూ మూడు చెరువులండి. ఉప్పు ఊట మా మళ్లలోకే. మీ మ్యాపులో అది కనపడాలి, నలుగురికీ తెలవాలి." అతని మాటలోనూ న్యాయముంది.

ఇద్దరి మాటలూ రాసుకుని మూడు వారాలు పని ఆపాను. ఒకప్పుడు ఒక్క బొమ్మతో పనిచేసిన రోజుల్లో నాకు ఈ ప్రశ్న రాలేదు, 23.5 మీటర్ల మసకలో ఎవరి చెరువూ ఎవరిదో తెలిసేది కాదు. ఇప్పుడు రెండున్నర సెంట్ల దాకా, 12 రోజులకొకసారి కనిపిస్తుంది. చివరికి తీసుకున్న నిర్ణయాలు:

1. బయటికి ఇచ్చే మ్యాపు ఒక కిలోమీటరు గడులుగా. గడిలో ఎంత శాతం చెరువో ఉంటుంది, ఏ చెరువో ఉండదు.
2. నేల పాయింట్ల జీపీఎస్, ఫొటోలు మా దగ్గరే. ప్రోగ్రాము మాత్రం అందరికీ.
3. సర్వే నంబర్ల పొర మా కంప్యూటరులో కూడా కలపకూడదు. కలిపిన ఒక ఫైలు చెరిపేశాం.
4. ఊట సంగతి విడిగా కొలవాలి. చెరువును వేలెత్తి చూపకుండా, గట్టు నుంచి దూరం వారీగా ఉప్పెంతో చెప్పాలి.

నాలుగోది ఇప్పుడు నడుస్తోంది. రూ. 2,800 పెట్టి చేతిలో ఇమిడే ఉప్పు మీటరు కొన్నాం. వరి రైతు అన్న ఆ చేనులో, మడిలో నిలిచిన నీటిలో, గట్టు నుంచి 5 మీటర్ల దగ్గర 4.1, 20 మీటర్ల దగ్గర 2.6, 50 మీటర్ల దగ్గర 1.3 వచ్చింది (అన్నీ మీటరుకు డెసీసీమెన్స్‌లో; అంకె పెరిగితే ఉప్పు ఎక్కువని). నేల ఉప్పు 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుందని వ్యవసాయ పుస్తకాల లెక్క. కానీ అది తడి మట్టి నుంచి తీసిన నీటికి. మేం కొలిచింది మడి నీరు. రెండూ పోల్చకూడదు. మట్టి నమూనాలు 12 సంచుల్లో కట్టి పరీక్షకు పంపాం.

అదే చేను బొమ్మల్లో చూస్తే, గట్టు పక్క మొదటి రెండు వరసల పిక్సెళ్లు మిగతా చేనంత తెల్లబడలేదు. పైరు సరిగ్గా ఎదగలేదని అనుకోవచ్చు, లేదా గట్టు నీడ, అంచు పిక్సెళ్ల గొడవ అనుకోవచ్చు. తేల్చడానికి చెరువు పక్కన లేని మామూలు గట్ల పక్క వరసలు కూడా తీయాలి. అవి 40 చేలకు గుర్తించాం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోపు, దాళ్వా నీరు మళ్లలో ఉండగానే, ఆ 40 చేలలో మీటరు పెట్టాలి.

*ఇప్పటిదాకా: రోజులు 239. పాయింట్లు 561. ఉప్పు రీడింగులు 33. మట్టి సంచులు 12, జవాబు వచ్చినవి 0. ఖర్చు రూ. 21,450.*